గడ్డి కట్ట విప్పేటప్పుడు తాడు మొత్తం తీశారా లేదా చూడండి

మొన్న పాతపట్నం దగ్గర మా మావయ్య వాళ్ల ఆవుకి డొక్క కోయాల్సొచ్చింది. నెల రోజులుగా మేత సరిగా ముట్టదు, ఎడమ డొక్క ఉబ్బుద్ది, తగ్గుద్ది, మళ్లీ ఉబ్బుద్ది. వాము నీళ్లు పోశారు, ఉబ్బరం మందు పోశారు, దిష్టి కూడా తీశారు. చివరికి డాక్టరు గారు కోసి చెయ్యి పెడితే నీలం రంగు ప్లాస్టిక్ తాడు, గడ్డితో పెనవేసుకుని కొబ్బరికాయంత ముద్ద. బేలర్ (గడ్డిని కట్టలు కట్టే మెషిన్) కట్టలకి చుట్టే తాడే. ఆవు బతికింది గానీ పాలు సగానికి పడిపోయాయి.

ఇప్పుడు మెషిన్ కోతలు అయిపోయి మెళియాపుట్టి నుంచి పర్లాకిమిడి దాకా ఏ ట్రాక్టర్ చూసినా గడ్డి కట్టలే, అందుకే రాస్తున్నా.

తాడు సంగతి:
గుండ్రటి కట్టకి ఉండేది ఒకటే పొడుగు తాడు, చుట్టూ చాలా చుట్లు తిరిగుంటది. మనవాళ్లు తెల్లారగట్ల చీకట్లో కొడవలితో అడ్డంగా ఒక్కటేసి గాడిలో పడేస్తారు. ఆ ఒక్క దెబ్బకి ఎన్ని చుట్లుంటే అన్ని ముక్కలు! పైకి కనపడ్డ నాలుగు లాగేసి అయిపోయింది అనుకుంటారు, మిగిలినవి గడ్డిలోనే. మేక ఏరుకుని తింటది, ఆవు గేదె అలా కాదు, నాలుక మీద ముళ్లు లోపలికే తిరిగుంటాయి కాబట్టి నోట్లోకెళ్లింది ఉమ్మలేవు. ప్లాస్టిక్ అరగదు, పేడలో రాదు, ఏడాదంతా కొంచెం కొంచెం పోగవుద్ది. కొస వెతికి పట్టుకుని కట్టని దొర్లిస్తూ తాడు చేతికి చుట్టుకోండి, రెండు నిమిషాల పని. తాడు సాల బయట మేకుకి తగిలించాకే గడ్డి వెయ్యండి.

నిల్వ సంగతి:
పచ్చి మీద కట్టిన కట్టలు లోపల వేడెక్కి కొన్ని వారాల్లో వాటంతటవే అంటుకోవచ్చు. కుప్పలోకి ఇనప ఊచ గుచ్చి పావుగంటాగి తీయండి, చెయ్యి పెట్టలేనంత కాలితే కుప్ప ఎక్కొద్దు, గబుక్కున విప్పొద్దు, గాలి తగిలితే భగ్గుమంటది, ముందు ఫైరింజన్‌కి 101 ఫోన్ చెయ్యండి. 2018లో తిత్లీ తుపానుకి మా కుప్ప తడిస్తే పైపైన ఆరబెట్టి మురిసిపోయాం, లోపలంతా నల్లటి బూజు. బూజు గడ్డి తింటే గేదెలకి డెగ్నాలా అనే జబ్బు వస్తది, చెవి కొసలు, తోక, కాళ్లు కుళ్లిపోతాయి. దులిపి వేస్తే సరిపోద్ది అనుకోవద్దు, పారేయండి.

ఇంకా:
- లోడు ఎత్తుగా కట్టి కరెంటు తీగల కింద నుంచి పోనివ్వకండి.
- అడుగు కట్ట కింద చెయ్యి పెట్టొద్దు, కర్రతో కదపండి, రక్తపింజర అక్కడే పడుకుంటది.
- కట్టలో ఇనప తీగ ముక్క, మేకు కనపడితే ఆ కట్ట మొత్తం విదిల్చి చూడాల్సిందే, మింగితే కడుపులోంచి గుండెకి గుచ్చుకుందంటే పశువు దక్కదు.
- కుప్ప దగ్గర బీడీ వద్దు.
- పిల్లల్ని కట్టలు విప్పమని పంపొద్దు, వాళ్లు తాడు లెక్క చూడరు.
- జనపనార తాడైనా తీసేయండి.
- తీసిన తాడు పెంటకుప్పలో వేశారా, రేపు పొలంలో మేసేది మీ పశువే.
- ఉబ్బరం రెండోసారి వస్తే నాటుమందు ఆపి పశువుల అంబులెన్స్ 1962కి ఫోన్ చెయ్యండి, తాడున్న గడ్డి వేశామని దాచకుండా చెప్పండి.
- ఈ సాయంత్రమే గాడి అడుగున చెయ్యి పెట్టి చూడండి, తాడు ముక్కలు ఎన్నున్నాయో.