గూళ్ల కాలంలో కెమెరా పట్టుకుని బయల్దేరే ముందు

పక్షుల ఫోటోలు తీసేవాళ్లను ఏడాది మొత్తంలో అన్నిటికంటే ఎక్కువగా ఊరించేది గూళ్లు కట్టే కాలమే. మగపిట్టలు కొత్త ఈకలతో మెరుస్తుంటాయి, తెల్లవారింది మొదలు కూస్తూనే ఉంటాయి. మామూలు రోజుల్లో ఆకుల చాటున దాగి విసిగించే పిట్ట ఇప్పుడు ఏ కొమ్మ మీద వాలుతుందో ముందే తెలిసిపోతుంది. చిక్కంతా అక్కడే ఉంది. అది మళ్లీ మళ్లీ అదే కొమ్మకు వస్తున్నది దగ్గర్లో గూడు ఉండబట్టే. గూడు వదిలి పోలేకే మనల్ని అంత దగ్గరికి రానిస్తోంది. మనమేమో దానికి భయం లేదనుకుని ఇంకో నాలుగడుగులు ముందుకేస్తాం.

ఈ కాలం అన్నిచోట్లా ఒకేసారి రాదు. చలి ప్రాంతాల్లో వసంతంలో వస్తుంది, వానల మీద బతికే ప్రాంతాల్లో చాలా పిట్టలు వర్షాల చుట్టూ గూళ్లు పెడతాయి, నీటిపక్షులు నీళ్లను బట్టి నడుచుకుంటాయి. మీరు వెళ్లే చోట ఏ పిట్ట ఎప్పుడు గూడు పెడుతుందో ముందే తెలుసుకుని బయల్దేరండి. గూడు కంటపడకపోయినా గుర్తులు కనిపిస్తాయి. ముక్కున పుల్లలూ గడ్డిపోచలూ మోసుకెళ్లడం, పురుగును పట్టి తాను తినకుండా ఎగిరిపోవడం, పిల్లల రెట్టను తెల్లని తిత్తిలా పట్టుకెళ్లి దూరంగా పారేయడం. వీటిలో ఏది చూసినా ఆ చుట్టుపక్కల గూడు ఉందనే అనుకుని నడవాలి.

నిమిషాల లెక్క

గూటి దగ్గర మనం ఖర్చుపెట్టేది మన సమయం కాదు, పిట్ట సమయం. నేను చెప్పదలచిన జాగ్రత్తలన్నీ ఈ ఒక్క మాటలోంచే వస్తాయి.

పొదుగుతున్న గుడ్డు లోపల వేడి సుమారు 36 నుంచి 38 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. కాస్త చల్లబడితే లోపలి పిండం ఎదుగుదల ఆగుతుంది. తల్లి తొందరగా తిరిగొస్తే చాలాసార్లు మళ్లీ పుంజుకుంటుంది. వేడి ఎక్కువైతే మాత్రం అంత గడువు ఉండదు. 41 డిగ్రీలు దాటిందంటే ప్రాణం మీదికొస్తుంది. నేల మీద గుడ్లు పెట్టే తీతువు లాంటి పిట్టలు మిట్టమధ్యాహ్నం గుడ్ల మీద నిలబడేది వెచ్చదనం ఇవ్వడానికి కాదు, నీడ పట్టడానికి. కొన్ని నీళ్లలో పొట్ట ఈకలు తడుపుకొచ్చి మరీ గుడ్లను చల్లబరుస్తాయి. అలాంటి పిట్ట మనల్ని చూసి లేచిపోయిందంటే ఎర్రటి ఎండ నేరుగా గుడ్ల మీద పడుతుంది. 'చలికాలం కాదుగా, కాసేపు లేస్తే ఏమవుతుంది' అనుకోవడం పూర్తిగా తలకిందుల ఆలోచన.

పిల్లలు వచ్చాక లెక్క ఇంకోలా ఉంటుంది. పురుగులు తెచ్చి పెట్టే చిన్న పిట్టల జంట పొద్దున్నుంచి సాయంత్రం దాకా వందలసార్లు గూటికి వచ్చిపోతుంది. మనం అరగంట అడ్డంగా నిలబడితే ఆ అరగంటలో రావలసిన మేత పిల్లల నోటికి అందదు. మనం వెళ్లాక మరొకరు వస్తారు, ఆ తర్వాత ఇంకొకరు. ప్రతి ఒక్కరూ 'నేను ఉన్నది పది నిమిషాలే' అనుకుంటారు. పిట్టకు మాత్రం పూటంతా పోతుంది. గూటి సంగతి నలుగురికి తెలియడమే అన్నిటికన్నా పెద్ద ముప్పని నేను అనేది అందుకే.

ఇంకో రెండు ఘట్టాలు మరీ సున్నితమైనవి. మొదటిది గూడు కడుతున్నప్పుడూ, తొలి గుడ్లు పెట్టినప్పుడూ. అప్పటికి ఆ గూటి మీద పెట్టిన కష్టం తక్కువ కాబట్టి, కాస్త బెదిరినా పిట్టలు దాన్ని వదిలేసి పోతాయి. రెండోది పిల్లలు రెక్కలొచ్చి ఎగరడానికి సిద్ధమయ్యే చివరి రోజులు. అప్పుడు దగ్గరికెళితే అవి భయపడి ముందే గూట్లోంచి దూకేస్తాయి. ఎగరడం రాదు, గూటికి తిరిగి ఎక్కడమూ రాదు. నేల మీద పాముకో పిల్లికో దొరికిపోతాయి. ఆ వయసు పిల్లలు ఫోటోలో ఎంతో ముద్దొస్తాయి. అందుకే ఆ రోజుల్లో మరింత వెనక్కి ఉండాలి.

ఇదంతా ఆలోచించాక నేను పెట్టుకున్న నియమం ఒకటే. గూడును ఫోటో తీయను. కనబడితే ఆగను, నడిచే దారిలోనే ముందుకు సాగిపోతాను. ఇది మరీ కఠినమనిపించవచ్చు. పక్షుల ప్రవర్తన బాగా ఎరిగినవాళ్లు, దూరాన మాటు (పిట్టకు కనబడకుండా కూర్చునే చిన్న గుడారం లాంటిది) కట్టి, దాన్ని రోజుల తరబడి కొద్దికొద్దిగా ముందుకు జరుపుతూ, పిట్ట ఏమాత్రం బెదరకుండా పనిచేయగలరు. అది పరిశోధకుల పద్ధతి, దానికి తగిన అనుమతులూ ఓపికా కావాలి. సరదాగా మొదలుపెట్టినవాళ్లకు అది పని కాదు.

పిట్ట 'ఇక చాలు' అంటున్నప్పుడు

గూడు ఉందని తెలియకుండానే దాని పక్కకు వెళ్లిపోతుంటాం. అప్పుడు పిట్టే చెబుతుంది, మనం చూడగలగాలి. చేస్తున్న పని ఆపి మెడ నిక్కించి కదలకుండా చూడటం, ఒకే రకం పదునైన అరుపు అదేపనిగా అరవడం, తోక విదిలించడం, ముక్కున పురుగు ఉంచుకుని గూటికి పోకుండా కొమ్మ నుంచి కొమ్మకు మారడం. ఈ చివరిది కనిపిస్తే అడ్డం మనమేనని ఖాయం. వెంటనే వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. మరో దారి వెతకబోతే తెలియకుండా గూటి మీదికే వెళ్లొచ్చు.

తీతువు జాతివి రెక్క విరిగినట్టు నేల మీద ఈడ్చుకుంటూ నాటకమాడతాయి. శత్రువు తన వెంటపడాలని, గూటికి దూరం కావాలని దాని తాపత్రయం. ఆ దృశ్యం కెమెరాకు విందే. కానీ అది ఆడుతున్నంతసేపూ గుడ్లు ఎండలో ఉన్నాయని గుర్తుపెట్టుకుని అక్కణ్నుంచి కదలండి, కాలు వేసే ప్రతిచోటా నేల చూసుకుంటూ. ఆ గుడ్లు గులకరాళ్లలో కలిసిపోయి కళ్ల ముందున్నా కనబడవు.

కదలకుండా కూర్చుంది కాబట్టి పిట్ట ప్రశాంతంగా ఉందనుకోవడమూ పొరపాటే. పెంగ్విన్ల మీద చేసిన పరిశీలనల్లో, బయటికి ఏ కదలికా లేకపోయినా మనిషి దగ్గరపడేసరికి గుండె వేగం పెరిగిందని తేలింది.

చేయకూడనివి

గూడు బాగా కనబడాలని అడ్డున్న కొమ్మను విరవడం, ఆకులు తుంచడం, గడ్డి తొక్కడం. నా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ పని ఇదే. ఆ ఆకులే గూటికి పైకప్పు, అవే గోడలు. అవి పోతే ఎండ, వాన, కాకి చూపు నేరుగా పిల్లల మీద పడతాయి. కాకులు మనుషుల్ని గమనిస్తుంటాయి, మనం తొంగి చూసిన చోటికి మన వెనకే అవీ వస్తాయి. నేల మీద తిరిగే జంతువులు మన వాసననూ, తొక్కుకున్న గడ్డినీ పట్టుకుని రావచ్చు. మన కాలిబాట గూటి దగ్గర ఆగిపోయిందంటే వేటాడేవాటికి దారి చూపించినట్టే.

ఫోన్లో కూత వినిపించి పిట్టను రప్పించే అలవాటు ఈ కాలంలో పూర్తిగా మానేయాలి. తన ఇలాకాలోకి మరో మగపిట్ట చొరబడిందనుకుని అది ఉన్న పని వదిలేసి వెతుకులాడుతుంది. లేని శత్రువుతో పోరాడుతూ మేత తెచ్చే సమయాన్నీ బలాన్నీ పోగొట్టుకుంటుంది. గుడ్లగూబల కోసం ఎలుకల్ని ఎర వేయడమూ అంతే. మనుషులన్నా రోడ్లన్నా జంకు పోయి చివరికి బండ్ల కింద పడొచ్చు. చీకట్లో తిరిగే పక్షుల మీద ఫ్లాష్ వాడొద్దు.

డ్రోన్ గురించి ఒక ఉదాహరణ చాలు. 2021 మేలో కాలిఫోర్నియాలోని బోల్సా చికా రక్షిత ప్రాంతంలో ఎలిగెంట్ టెర్న్‌లనే నీటిపక్షుల కాలనీలో ఒక డ్రోన్ కూలింది. సుమారు 3000 పక్షులు గూళ్లు విడిచి పోయాయి. వెయ్యికి పైగా గుడ్లు నేల మీదే మిగిలిపోయాయి. ఒక్క యంత్రం, ఒక్కసారి పడినందుకు.

లకుముకి పిట్టలూ పసిరిక పిట్టలూ మట్టిగట్లలో బొరియలు తవ్వి గుడ్లు పెడతాయి. బొరియ ముందు నిలబడితే తప్పని చాలామందికి తెలుసు. గట్టు పైన నడిస్తే మట్టి కుంగి బొరియ పూడిపోవచ్చన్నది తట్టదు. గట్టున్న చోట అంచుకు బాగా ఎడంగా నడవండి.

మన ఒంటి జాగ్రత్త

బ్రిటన్‌లో పక్షి ఫోటోగ్రఫీకి పేరు తెచ్చిన ఎరిక్ హాస్కింగ్ 1937లో వేల్స్‌లో ఒక గుడ్లగూబ గూటి దగ్గర ఫోటోలు తీస్తున్న రోజుల్లో, రాత్రి చీకట్లో మాటు దగ్గరికి వెళ్తుండగా ఆ పక్షి మొహం మీద దాడి చేసింది. ఎడమ కన్ను పోయింది. గుడ్లగూబ రెక్కల చప్పుడు వినబడదు, కాబట్టి తప్పించుకునే అవకాశం కూడా ఉండదు. ఏట్రింతలు, గద్దలు, టెర్న్‌లు సైతం గూళ్ల కాలంలో తల మీదికి దూసుకొస్తాయి. అలా వస్తే టోపీ సర్దుకుని ఫోటోలు కొనసాగించడం కాదు, వెనక్కి తగ్గాలి.

వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి వెనక్కి అడుగులు వేయొద్దు. చెరువుగట్ల మీదా కొండ అంచుల మీదా పడిపోయేది ఇలాగే. లెన్స్‌తో సూర్యుణ్ని చూడొద్దు. లోపల అద్దం ఉన్న కెమెరాతో (డీఎస్ఎల్ఆర్) కన్ను, అద్దం లేని కెమెరాతో (మిర్రర్‌లెస్) సెన్సర్ పాడవుతాయి. తొర్రల్లో, బొరియల్లో చేతులు పెట్టొద్దు, గుడ్ల కోసం పాములూ అక్కడికే వస్తాయి. గడ్డిలో కూర్చుంటే పిడుదులు పట్టకుండా ఒళ్లు కప్పే బట్టలు వేసుకుని, తిరిగొచ్చాక చంకలు, మోకాళ్ల వెనక, చెవుల వెనక చూసుకోండి. ఉరుము వినబడిందంటే మనం పిడుగుకు అందే దూరంలోనే ఉన్నట్టు. ట్రైపాడ్ పట్టుకుని మైదానంలోనో నీటి ఒడ్డునో ఉండకుండా భవనంలోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. ఒంటరిగా వెళ్తుంటే ఎటు వెళ్తున్నదీ ఎప్పటికి తిరిగొచ్చేదీ ఇంట్లో చెప్పండి.

2021 నుంచి హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ అడవి పక్షుల్లో చాలా దేశాలకు పాకింది. చచ్చిన, జబ్బుపడ్డ పక్షిని ముట్టుకోకండి, అటవీ శాఖకో పశువైద్యులకో చెప్పండి. ఒక చెరువు నుంచి మరో చెరువుకు వెళ్లేముందు బూట్లకూ ట్రైపాడ్ కాళ్లకూ అంటిన బురద, రెట్ట కడిగేయండి.

మరి ఏం తీయాలి, ఎలా తీయాలి

గూడు వదిలేస్తే తీయడానికి ఏమీ మిగలదని కాదు. పాట పాడే కొమ్మ, స్నానం చేసే నీటి మడుగు, జతను పిలిచే నాట్యం, మేత వెతుక్కునే పొలం, అన్నీ ఈ కాలంలోనే నిండుగా దొరుకుతాయి. వీటికి 400 నుంచి 600 మిల్లీమీటర్ల లెన్స్ సరిపోతుంది. చిన్న సెన్సర్ కెమెరా అయితే 400 లెన్సే 600 లెన్స్ అంత దగ్గరగా చూపిస్తుంది. ఎగిరే పిట్టకు షట్టర్ సెకనులో 2000వ వంతు దగ్గర పెట్టుకోండి. చప్పుడు లేని షట్టర్ ఉంటే అదే వాడండి. ఇంకా దగ్గర కావాలంటే కాళ్లతో కాకుండా, ఇంటికొచ్చాక ఫోటో అంచులు కత్తిరించి, అంటే క్రాపు చేసి, దగ్గరవ్వండి.

పిట్టలు నడిచే మనిషికి బెదిరినంతగా ఆగి ఉన్న బండికి బెదరవు. కారులోనే ఉండి ఇంజను ఆపి, కిటికీ మీద బియ్యపు సంచి లాంటి మెత్తటి ఆసరా పెట్టుకుంటే చేయి వణకదు. ఎండెక్కాక ఎలాగూ నేల నుంచి లేచే వేడిగాలికి దూరపు బొమ్మ మసకబారుతుంది, ఎంత మంచి లెన్స్ అయినా దాన్ని సరిచేయలేదు. గుడ్లకు ఎండ ప్రమాదం ఉన్న ఆ గంటల్లో ఫోటోలూ బాగా రావు కాబట్టి ఇంటికి వెళ్లిపోవడమే మేలు.

దారిలో పిల్ల పిట్ట కనబడితే, ఒంటినిండా ఈకలుండి గెంతుతుంటే ముట్టుకోకండి. అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లిదండ్రులు దగ్గర్లోనే మేతతో ఉంటాయి, మనం పక్కకు తప్పుకుంటే వస్తాయి. ఈకలు రాని పిల్ల కింద పడి ఉండి, గూడు అందేంత ఎత్తులో ఉంటే మెల్లగా తిరిగి పెట్టేయండి. మనిషి చేయి తగిలితే తల్లి వదిలేస్తుందన్నది నిజం కాదు.

చట్టమూ తెలిసుండాలి. భారత వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 అడవి పక్షుల గుడ్లనూ గూళ్లనూ కలవరపెట్టడాన్ని 'వేట' నిర్వచనంలోనే చేర్చింది. బ్రిటన్‌లో 1981 చట్టం కింద కొన్ని అరుదైన పక్షుల గూళ్ల దగ్గర ఫోటో తీయడానికి ముందుగా లైసెన్సు తీసుకోవాలి.

ఇక పోస్టు చేయడం. ఫోన్లోనూ కెమెరాలోనూ జీపీఎస్ ఆపేయండి. గూడు పొరపాటున ఫ్రేములో పడితే ఆ ఫోటో పెట్టకండి. వెనక కనిపించే గుడి గోపురమో సెల్ టవరో కూడా చోటు చెప్పేస్తుంది, దాన్ని క్రాపు చేయండి. చూసిన పక్షుల్ని నమోదు చేసుకునే ఈబర్డ్ లాంటి వేదికలు ముప్పున్న కొన్ని పక్షుల చోటును వాటంతటవే దాచిపెడతాయి, మిగతావాటి విషయంలో ఆ బాధ్యత మనదే. 'ఎక్కడ తీశారు' అని అడిగేవాళ్లకు జిల్లా పేరు చెబితే చాలు. పిల్లలు ఎగిరిపోయి ఆ గూడు ఖాళీ అయ్యేదాకా ఆ చోటు ఎవరికీ, దగ్గరి స్నేహితులకు కూడా, చెప్పకండి.