కాక్టస్ విత్తనాలు చల్లే ముందు ఇవి చూసుకోండి

☐ ముందు నెల చూసుకోండి. హైదరాబాద్‌లో ఫిబ్రవరి మంచిది, వానలు తగ్గాక అక్టోబరు కూడా. ఏప్రిల్, మేల్లో మూత పెట్టిన డబ్బాలో మొలకలు ఉడికిపోతాయి. 25 నుంచి 30 డిగ్రీల వేడి చాలు.

☐ ఇంద్రధనుస్సు రంగుల కాక్టస్ అంటూ ఫొటో పెట్టి అమ్మేవి కొనకండి. అది వట్టి మోసం.

☐ ఎక్కువమంది దెబ్బతినేది మట్టి దగ్గరే. తోట మట్టి వద్దు. జల్లించిన ముతక ఇసుక, పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు), కొంచెం కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపి తడపండి. గిన్నెలో పోసి, కుక్కర్‌లో అడుగున నీళ్లుంచి, వెయిట్ పెట్టకుండా అరగంట ఆవిరి పట్టండి. (వాసన వస్తుంది, ఇంట్లోవాళ్లు లేని టైమ్ చూసుకోండి.) పూర్తిగా చల్లారాకే విత్తనం వేయాలి. ఒకసారి బద్ధకించి ఈ పని మానేశాను. ఆస్ట్రోఫైటమ్ అనే కాక్టస్ రకం మొలకలు పచ్చగా లేచాయి, వారం తిరగకుండా తెల్లటి బూజు పట్టి మొదలు దగ్గర కుళ్లి పడిపోయాయి.

☐ బిర్యానీ పార్సిల్ డబ్బా భేషుగ్గా పనికొస్తుంది, కానీ నూనె జిడ్డు పూర్తిగా పోవాలి. అడుగున రంధ్రాలు పెట్టండి.

☐ బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. కాచి చల్లార్చిన ఆర్‌ఓ నీళ్లు వాడండి.

☐ ఫ్యాన్ ఆపారా? కొన్ని రకాల విత్తనాలు ఆవాలకన్నా చిన్నవి, ఎగిరిపోతాయి. మట్టిలో పూడ్చకండి, పైన చల్లితే చాలు. చాలా రకాలు వెలుతురుంటేనే మొలుస్తాయి. అలాగని నేరుగా ఎండలో పెట్టకండి.

☐ పేరు, తేదీ పెన్సిల్‌తో రాయండి. మార్కర్ ఎండకు వెలిసిపోతుంది.