మెమరీ సీటు బటన్ పనిచేయట్లేదా? స్విచ్ కొనేముందు ఇలా చూడండి

కారు సీటుని ముందే సేవ్ చేసుకున్న చోటికి తెచ్చే మెమరీ బటన్ నొక్కినా సీటు కదలకపోతే చాలామంది నేరుగా స్విచ్ కొనేస్తారు. విశాఖలో, అందులోనూ బీచ్ రోడ్డు పక్కన రాత్రంతా నిలిచే కార్లలో, ముందు అనుమానించాల్సింది కనెక్టర్ పిన్నులకు పట్టిన చిలుముని. ఉప్పుగాలి చేసే పని అది.

1. సీటు పక్కనున్న మామూలు బటన్లు నొక్కి చూడండి. అవీ పనిచేయకపోతే మెమరీ స్విచ్‌ని వదిలేసి ఫ్యూజు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ నెగటివ్‌కి తిరిగెళ్లే దారి) చూడండి. ఫ్యూజుని కంటితో చూసి సరిపెట్టుకోవద్దు, రెండు కాళ్ల దగ్గరా 12 ఓల్టులు రావాలి.

2. మామూలు బటన్లు పనిచేస్తూ మెమరీ ఒక్కటే మొరాయిస్తుంటే, ఈమధ్య బ్యాటరీ విప్పారేమో గుర్తు తెచ్చుకోండి. కొన్ని మోడళ్లలో దాంతో సెట్టింగు చెరిగిపోతుంది. గేరు పార్క్‌లో పెట్టి, సెట్ నొక్కి, వెంటనే 1 నొక్కండి. కొన్ని కేసులు ఇక్కడే తేలిపోవచ్చు.

3. బటన్ నొక్కితే సీటు కాస్త కదిలి ఆగిపోతోందా? అలాగైతే చాలావరకు స్విచ్ బాగానే ఉన్నట్టు. తప్పు మోటారు పొజిషన్ సెన్సర్‌లోనో (సీటు ఎక్కడుందో చెప్పేది), సీటు జరిగే పట్టాల్లోనో ఉండొచ్చు. రుషికొండ బీచ్ నుంచి కాళ్లకంటుకొచ్చిన ఇసుక పట్టాల్లో చేరితే మోటారు బిగుసుకుంటుంది. ముందు వాక్యూమ్ పెట్టండి.

4. స్విచ్ విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసి 10 నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు కనెక్టర్ ఎయిర్‌బ్యాగ్‌ది. మల్టీమీటర్ దాని జోలికి పోకూడదు.

5. స్విచ్ ప్లగ్గు పీకి, పిన్నుల మధ్య ఓములు కొలవండి. ఒక్కో బటన్‌కి ఒక్కో వైరున్న స్విచ్‌లో నొక్కితే దాదాపు సున్నా, వదిలితే తెగిపోయినట్టు చూపాలి. బటన్లన్నీ ఒకే వైరు మీదుండే రెసిస్టర్ రకంలో ఒక్కో బటన్‌కి ఒక్కో అంకె వస్తుంది. అది కదలకుండా నిలవాలి. వేలు కాస్త అటూ ఇటూ జరిపితే అంకె ఎగిరి పడుతుంటే కాంటాక్టు అరిగింది. లోపల చిప్పున్న స్విచ్‌కి ఓములు పనికిరావు, కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టాల్సిందే.

6. స్విచ్ బాగుంటే బ్యాటరీ తగిలించి ఎర్త్ చూడండి. మీటరు ఎర్ర ప్రోబు సీటుని నడిపే మాడ్యూల్ (కంట్రోల్ పెట్టె) ఎర్త్ పిన్నుకి, నల్లది బ్యాటరీ నెగటివ్‌కి పెట్టి, సీటు కదిలిస్తూ చదవండి. 0.2 ఓల్టు దాటితే ఎర్త్ బోల్టు తుప్పుపట్టి ఉండొచ్చు. ఆపకుండా సీటు ముందుకూ వెనక్కూ నడపండి, ఒకచోట మాత్రమే అంకె మారితే పట్టా కింద వైరు నలిగి ఉండొచ్చు.

చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, పూర్తిగా ఆరాక తగిలించండి. ఎమరీ పేపర్‌తో మాత్రం గీకొద్దు: పైపూత పోయిన పిన్నుకి రెండు వానలకే మళ్లీ చిలుము పడుతుంది.