చిన్న కథ ఎలా కట్టాలి? వలస బస్సు ఉదాహరణతో

పాలమూరు వలస మీద కథ రాద్దామని కూర్చుని రెండు పేజీల వ్యాసం రాసి లేచేవాళ్లు చాలామంది. వలస అనేది కథావస్తువు మాత్రమే. దానికి ఒక మనిషి, ఆ మనిషికో కోరిక, ఆ కోరికకో అడ్డు దొరికేదాకా కథ కాదు. 1,200 పదాల కథ అనుకుని మొదలుపెడదాం.

1. ముందు ఒక్క వాక్యం
ఎవరికి ఏం కావాలి, ఏది అడ్డు, ఎప్పటిలోగా? ఈ నాలుగూ అందులో ఉండాలి. ఉదాహరణకు: మక్తల్ దగ్గరి ఊళ్లో లచ్చమ్మ కూలీలను పనికి తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుంది, ఆదివారం రాత్రి ముంబై బస్సెక్కాలి, ఆరో తరగతి చదివే బిడ్డను బడి మాన్పించకుండా ఊళ్లోనే ఉంచాలనుకుంటోంది, ఆ బిడ్డను చూసుకోవాల్సిన అత్తకేమో చూపు ఆనదు.

ఇప్పుడు ఒక్కోదాన్నీ తీసేసి చూడండి. అడ్వాన్సు లేకపోతే లచ్చమ్మ పోవడమే మానుకోవచ్చు. ఆదివారం లేకపోతే రేపు ఆలోచించుకోవచ్చు. అత్తకు చూపుంటే సమస్యే లేదు. ఏది తీసినా ఆమె తప్పించుకునే దారి తెరుచుకుంటోంది కదా, ఆ దారులన్నీ మూయడమే ఇతివృత్తం పని. తీసేసినా ఏమీ మారని ముక్క ఏదైనా ఉంటే అది కథకు అక్కర్లేదు.

అత్తను గయ్యాళిగా రాస్తే మాత్రం పని చెడుతుంది. ఎవరి పక్షం వహించాలో మొదటి పేజీలోనే తేలిపోయి, చదివేవాడికి మిగిలేదేమీ ఉండదు. ఆమె మాటలోనూ న్యాయం ఉండాలి.

2. ఎవరి కళ్లతో?
లచ్చమ్మ "నేను" అని చెబితే ఉత్తమ పురుష. "ఆమె" అని రాస్తే ప్రథమ పురుష. ఇంగ్లీషు లెక్కన ప్రథమ పురుష అంటే "నేను" అనుకుని తికమకపడేవాళ్లున్నారు, మన వ్యాకరణంలో అది తలకిందులు. ఏది ఎంచుకున్నా ఒక్కరి మనసులోనే ఉండండి. లచ్చమ్మ వైపు నుంచి రాస్తూ "అత్తకు లోలోపల బాధేసింది" అంటే దారి తప్పినట్టే. అత్త చేతికర్ర కోసం గోడంతా తడుముకుంది అనండి, చాలు.

3. మూడు దృశ్యాలు
శుక్రవారం మేస్త్రీ వచ్చి బస్సు సంగతి చెప్పడం, శనివారం అత్తతో మాట, ఆదివారం రాత్రి రోడ్డు మీద. ఎక్కువ పదాలు రెండోదానికి ఇవ్వండి, దాదాపు 600. పాత్రలు నలుగురు దాటొద్దు. లచ్చమ్మ పెళ్లి, ఊరి చరిత్ర, కరువు లెక్కలతో ఎత్తుకుంటే మేస్త్రీ వచ్చేసరికే సగం కథ అయిపోతుంది. మొదటి వాక్యంలోనే అతను వాకిట్లో నిలబడితే మంచిది.

స్థలం గురించి విడిగా పేరా అక్కర్లేదు. కొట్టిన ఆముదాల పొట్టు వాకిట్లో ఉంటే కాలమూ, పంటా, ఊరూ దానితోనే వచ్చేస్తాయి.

4. మాట
"పిల్లను ఈడ్నే ఇడ్సిపోతనత్తా."
"నన్నే ఒకలు సూడాలె. దాన్ని నేనేం సూస్తనే?"

ఈ యాసలో మాట్లాడిన లచ్చమ్మ పది లైన్ల తర్వాత "నేను వెళ్లిపోతున్నానండీ" అంటే నమ్మకం పోతుంది. నారాయణపేట వైపు మాటల్లో కన్నడ పలుకులూ కలుస్తాయి, విన్నవే వాడండి, ఊహించి అతికించొద్దు. కథనం మామూలు భాషలో ఉన్నా తప్పులేదు గానీ పేరాకో తీరుగా మారకూడదు.

5. ముగింపు
చివర్లో సర్కారు సాయమో, ముంబై నుంచి మంచి కబురో ఊడిపడితే ఇంతసేపు మూసిన దారులన్నీ మీరే తెరిచినట్టు. లచ్చమ్మ ఏదో ఒకటి తేల్చుకోవాలి, దానికి ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఆమె ఏం చేసిందో చూపించి ఆపేయండి. బిడ్డ పుస్తకాల సంచి బస్సులోకి ఎక్కిందా, ఇంట్లోనే ఉందా అన్నది చాలు. "వలసలు ఎప్పుడు ఆగుతాయో" అన్న వాక్యం రాసి ఉంటే కొట్టేయండి.

6. ఊఁ పరీక్ష
ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి, ఊఁ కొట్టమని చెప్పి గట్టిగా చదవండి. ఊఁ ఆగిన చోట పెన్సిలుతో గీత పెట్టండి. సాధారణంగా ఆ గీత పడేది పాత్ర ఏం చేస్తోందో వదిలేసి రచయిత వివరించడం మొదలుపెట్టిన చోటే. "తర్వాత?" అని అడిగిన చోట మాత్రం ఒక్క మాట కూడా మార్చకండి.