బెదిరే గుర్రానికి గొడుగును అలవాటు చేయడం

హైదరాబాదులో పెళ్లి బరాత్‌లకు గుర్రాలను పెంచేవారు, విప్పిన గొడుగును చూసి బెదిరే గుర్రాన్ని దాని దగ్గరకు బలవంతంగా లాగకూడదు. గుర్రం చెవులు నిక్కించి చూసినా కాళ్లు కదపకుండా నిలబడగలిగే దూరంలో ముందుగా ముడిచిన గొడుగును చూపించి, అది తల దించి, పెదవులు నాకి, దీర్ఘంగా ఊపిరి వదిలిన మరుక్షణమే గొడుగును వెనక్కి తీసుకోవాలి. గుర్రం వెనక్కి జరుగుతున్నప్పుడు గొడుగును తీసేస్తే, పారిపోతే భయం తొలగుతుందని నేర్చుకుంటుంది కనుక, అది నిలిచేవరకు గొడుగును అదే దూరంలో కదపకుండా ఉంచాలి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఎడమవైపు అలవాటైన వస్తువుకే కుడివైపున మళ్లీ బెదరవచ్చు, అందువల్ల రెండో వైపున కూడా మొదటి నుంచి చూపించాలి. ఎప్పుడూ గుర్రానికి ఎదురుగా కాక, భుజం పక్కన నిలబడండి. పగ్గాన్ని చేతికి చుట్టుకోవద్దు.