సేటు చెప్పిన మాటకు కోడ్ రాసే ముందు అర్థం తేల్చుకోవడం ఎలా?

మహారాష్ట్రలోని మా ధర్మాబాద్‌లో మిర్చి అడ్తి (కమీషన్) దుకాణాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసే కుర్రాళ్లు కోడ్‌లో తప్పు చేయడం తక్కువ. విన్న మాట దగ్గరే పొరబడతారు. దాన్ని టెస్టింగ్ కూడా పట్టుకోలేదు. టెస్టులూ ఆ తప్పుడు అర్థం మీదే రాస్తారు మరి.

కావలసినవి: నోట్‌బుక్, పెన్ను, దుకాణంలో నిన్న రాసిన తక్‌పట్టీ (తూకం, ధర రాసి రైతుకిచ్చే చీటీ) ఒకటి. ల్యాప్‌టాప్ సంచిలోంచి తీయకూడదు.

1. అన్న మాట అన్నట్టే రాసుకోండి. తెలుగు, మరాఠీ, హిందీ కలిసొస్తే కలిసినట్టే. అక్కడికక్కడే ఇంగ్లిష్‌లో టికెట్ (చేయాల్సిన పని నమోదు) కొట్టేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

2. వాక్యం నిలబడుతుందో లేదో చూడండి. మన శాస్త్రాలు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అని మూడు చెప్పాయి. ‘ఎవరికి, దేన్ని’ అన్న ప్రశ్న మిగిలితే ఆకాంక్ష తీరలేదు. ‘నిప్పుతో తడుపు’ లాంటిదైతే యోగ్యత లేదు. పొద్దున సగం చెప్పి, మిగతా సగం రాత్రి వాట్సాప్‌లో పంపితే సన్నిధి లేదు. ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

3. తాత్పర్యం తేల్చండి. పని చెడేది ఇక్కడే. ‘సైంధవం తే’ అంటే అన్నం ముందు ఉప్పు, ప్రయాణం ముందు గుర్రం. సేటు ‘తరుగు తీసేయ్ భయ్యా’ అంటాడు. బరువులోంచి తరుగు తగ్గించమనా, పట్టీలో తరుగు గడినే ఎత్తేయమనా? రెండూ మంచి తెలుగే. నిఘంటువు ఎన్నిసార్లు తిరగేసినా తేలదు.

దీనికి వేదవాక్యాల అర్థం తేల్చే మీమాంసకులూ వేదాంతులూ వాడిన ఆరు గుర్తులున్నాయి: ఉపక్రమోపసంహారాలు (మొదలు, ముగింపు), అభ్యాసం (మళ్లీ మళ్లీ అనడం), అపూర్వత (వేరే చోట దొరకని సంగతి), ఫలం (దానివల్ల ఒరిగేది), అర్థవాదం (పొగడ్త, తెగడ్త), ఉపపత్తి (తర్కానికి నిలవడం). ఆరూ పట్టించుకోవాలి గానీ మొదటిదీ ఫలమూ ఎప్పుడూ వదలొద్దు. సేటు మాట ఎక్కడ మొదలైంది? ‘తూకం ఎక్కువ పడుతుంది’ అని. ఎక్కడ ముగిసింది? ‘రైతు అడిగితే చూపియ్యాలె’ అని. ఇక ఫలం: గడి ఎత్తేస్తే రైతుకు చూపించేదేముంది? కాబట్టి బరువులోంచి తగ్గించాలి, గడి ఉండాలి. మధ్యలో సేటు పక్క దుకాణాన్ని పొగిడింది అర్థవాదం. దానికి ఫీచర్ రాయకండి!

మాట వెనకున్న అర్థం పట్టడానికి 1975లో అచ్చయిన తత్వవేత్త గ్రైస్ వ్యాసం చాలంటారు కొందరు. అవసరమైనంతే చెప్తారని వినేవాడు నమ్ముతాడన్నది ఆయన సూత్రాల్లో ఒకటి. సేటు తనకు తెలిసింది మనకూ తెలుసనుకుని ఎందుకు మింగేస్తాడో అది బాగానే చెప్తుంది. కానీ మీమాంసకులు తలలు బద్దలు కొట్టుకున్నది విధివాక్యాల మీద, అంటే ‘ఇది చేయాలి’ అన్న మాటల మీద. మన చేతికొచ్చేవీ అవే. నా ఓటు వాళ్లకే.

4. సేటు అడిగిన ఒక్కో పనికీ ‘తప్పనిసరి’, ‘చేస్తే మంచిది’, ‘ఇష్టముంటే’ అని గుర్తు పెట్టండి. ఇంటర్నెట్ ప్రమాణాల్లో వాడే మాటలకు అర్థాలు చెప్పిన 1997 నాటి పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2119లో మస్ట్, షుడ్, మే అన్నవి ఇవే. షుడ్ అంటే బద్ధకిస్తే వదిలేయొచ్చని కాదు. గట్టి కారణం ఉండాలి, వదిలితే ఏమవుతుందో తెలిసుండాలి.

5. అంకెతో అడగండి. ‘సరేనా సేటూ?’ అంటే ఫోన్ చెవిన పెట్టుకునే తలూపుతాడు. ‘40 కిలోల బస్తా, కిలో తరుగు. రైతుకు ఎన్ని కిలోల పైసలు?’ అనండి. 39 అంటే కోడ్ మొదలుపెట్టండి. 40 అంటే మూడో మెట్టుకు పోండి. వేలం నడుస్తున్నప్పుడు మాత్రం అడగొద్దు.