బరువైన టెలిఫోటో లెన్స్‌తో కదిలేవాటిని ఫోటో తీయడం ఎలా?

400 ఎంఎం ఎఫ్2.8 లెన్స్ (దూరపువాటిని దగ్గరగా చూపి, ఎక్కువ వెలుగును లోపలికి రానిచ్చే టెలిఫోటో లెన్స్) చేతికి రాగానే చాలామంది చేసే పని ఒకటే. కెమెరాకు తగిలిస్తారు, ఆకాశంలో పోయే గద్ద వైపు ఎత్తుతారు, బటన్ నొక్కి పట్టుకుంటారు. ఇంటికి వెళ్లి చూసుకుంటే సగం ఫోటోల్లో ఖాళీ ఆకాశం, మిగతా సగంలో మసక. లెన్స్‌లోనే లోపం ఉందనుకుని సర్వీసుకు పంపుతారు, అది ఏ లోపమూ లేదన్న మాటతో తిరిగివస్తుంది. చెన్నైలో పళ్లికరణై చిత్తడి నేల పక్కన శీతాకాలపు ఉదయాన కాసేపు నిలబడితే ఈ తప్పు వరుసగా జరగడం చూడవచ్చు. పక్షిని ముందు వ్యూఫైండర్‌లో నిలుపుకోవాలి, దానితోపాటు కదలాలి, ఆ తర్వాతే బటన్ నొక్కాలి. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం ఆ ఒక్క పని గురించే.

ఏమేం కావాలి

లెన్స్, కెమెరా, వేగంగా రాసే మెమొరీ కార్డు, అదనపు బ్యాటరీ, వాన కవరు, గట్టి మోనోపాడ్ (ఒంటికాలి స్టాండు). ఈ లెన్స్ ఖరీదుతో చిన్న కారు కొనవచ్చు కాబట్టి మొదట రెండు రోజులకు అద్దెకు తీసుకుని చూడండి.

పాత లెన్స్ కొనేవారు ముందు దాని బరువు కనుక్కోవాలి. కానన్ 1999లో తెచ్చిన 400 ఎంఎం ఎఫ్2.8 ఐఎస్ (చేతి అదురును సరిదిద్దే ఏర్పాటున్న) లెన్స్ 5 కిలోల పైనే ఉంటుంది. 2018లో వచ్చిన మూడో తరం 3 కిలోలలోపే. సోనీ, నికాన్ కొత్త లెన్స్‌లదీ దాదాపు అదే బరువు. వీటిలో గాజు పలకలను చాలావరకు వెనక్కి జరిపారు. అందుకే ముందు భాగం నేల వైపు లాగదు, తిప్పడం తేలిక. 400ను 2.8తో భాగిస్తే 143 వస్తుంది. లెన్స్ ముందు అద్దానికి కనీసం అన్ని మిల్లీమీటర్ల వెడల్పు ఉండాలి కాబట్టి ఎంత తగ్గించినా ఇది బరువైన వస్తువే.

ట్రైపాడ్ వద్దు, మోనోపాడే వాడండి. నీటి గుంట ఎదుట గంటల తరబడి ఒకేచోట కూర్చునేవారికి గింబల్ హెడ్ (బరువైన లెన్స్‌ను తేలిగ్గా తిప్పనిచ్చే పిడి) బిగించిన ట్రైపాడ్ పనికొస్తుంది, కాదనను. వేడంతాంగళ్ పక్షుల సంరక్షణ కేంద్రంలో వాచ్ టవర్ మీద ఆదివారం పూట మూడు కాళ్లు చాచి నిలబెడితే మాత్రం పిల్లలు తన్నుకుని పడతారు. మైదానం గీత పక్కన పెడితే ఆటగాళ్లకే ప్రమాదం. ట్రైపాడ్ మీ కాళ్లను కూడా కట్టేస్తుంది. పక్షి మీ వెనక్కి మళ్లినప్పుడు మీరు ట్రైపాడ్ చుట్టూ నడవాల్సి వస్తుంది, ఆలోగా పక్షి వెళ్లిపోతుంది.

ఎఫ్6.3 దగ్గర ఆగిపోయే 150-600 జూమ్‌తో సరిపోదా అని అడుగుతారు. పట్టపగలు బాగానే సరిపోతుంది. సూర్యోదయానికి ముందు, ఫ్లడ్‌లైట్ల కింద సరిపోదు. ఎఫ్2.8 దగ్గర ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 3200 చాలిన చోట ఎఫ్6.3కి 16000 దాకా వెళ్లాలి. అంతకన్నా ముఖ్యంగా, ఆటగాడి వెనక ప్రకటనల బోర్డులను కరిగించి రంగు మరకలుగా మార్చేది ఎఫ్2.8 మాత్రమే.

తగిలించడం

లెన్స్‌ను కెమెరాకు తగిలించకూడదు, కెమెరాను లెన్స్‌కు తగిలించాలి. లెన్స్‌ను ఒడిలో పెట్టుకుని కెమెరాను దానికి బిగించండి. తర్వాత ఎత్తినా మోసినా లెన్స్ కింది ఫుట్‌నే (మోనోపాడ్‌కు బిగించే కాలునే) పట్టుకోవాలి, మెడపట్టీ కూడా లెన్స్‌కే ఉండాలి. కెమెరాను పట్టుకుని వేలాడదీస్తే ఆ బరువంతా లెన్స్, కెమెరా కలిసే మౌంట్ మీద పడుతుంది. లెన్స్ ముందుండే హుడ్ ఎప్పుడూ తీయవద్దు. మోనోపాడ్ ఎత్తు, మీరు నిటారుగా నిలబడితే వ్యూఫైండర్ కంటికి తగిలేంత. లెన్స్ చుట్టూ ఉండే కాలర్ మరను కొద్దిగా వదులు చేసి ఉంచండి, నిలువు ఫ్రేముకు లెన్స్ తేలిగ్గా తిరుగుతుంది.

సెట్టింగులు

మాన్యువల్ మోడ్, ఎఫ్2.8, ఐఎస్ఓ ఆటో. షట్టర్ వేగం (సెకనులో ఎన్నో వంతు) నెమ్మదిగా ఎగిరే గూడబాతుకు 1/1600, గద్దకు 1/2500, పగటి క్రికెట్‌కు 1/2000, రాత్రి ఫుట్‌బాల్‌కు 1/1000. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. అలాంటిచోట వరుస ఫోటోల్లో వెలుగు ఒకలా ఉండదు, కెమెరాలో యాంటీ-ఫ్లికర్ ఆన్ చేయండి. ఫోకస్‌ను షట్టర్ బటన్ నుంచి తీసేసి వెనకవైపు బటన్‌కు ఇవ్వండి. ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు, ఇలాగే చేయాలి. ఫోకస్ పట్టడం బొటనవేలి పని, ఫోటో తీయడం చూపుడువేలి పని. రెండింటినీ ఒక వేలికి అప్పగిస్తే రెండూ చెడతాయి.

10 మీటర్ల దూరంలో ఎఫ్2.8 దగ్గర స్పష్టంగా వచ్చేది మొత్తం 10 సెంటీమీటర్ల మందమే. కొంగ కన్ను స్పష్టంగా ఉంటే రెక్క కొస మసకగా ఉంటుంది. అది లోపం కాదు. కన్ను స్పష్టంగా ఉంటే ఫోటో నిలబడుతుంది.

కదిలేదాన్ని పట్టుకోవడం

20 మీటర్ల దూరంలో ఈ లెన్స్‌కు కనిపించే వెడల్పు 1.8 మీటర్లు. గూడబాతు రెక్కలు చాపితే అంతకన్నా వెడల్పు ఉండవచ్చు. ఇంత ఇరుకైన సందులోకి ఎగిరే పక్షిని తెచ్చుకోవాలి.

పక్షి కనిపించకపోవడానికి గురి తప్పడం ఒక్కటే కారణం కాదు. లెన్స్ అంతకుముందు పక్కనున్న తుమ్మకొమ్మ మీద ఫోకస్ అయి ఉంటే, దూరంగా ఎగిరే పక్షి ఫ్రేము మధ్యలోనే ఉన్నా మీకు కనబడదు. ఎఫ్2.8 దాన్ని అంతగా కరిగించేస్తుంది. కంటికి కనిపించనిది కెమెరాకూ దొరకదు. కంటిని గుర్తించే కొత్త కెమెరాలు ఉన్నాయి కదా అంటారు. ఆ కన్ను కొంతైనా పోలిక తెలిసేలా ఉంటేనే అవీ గుర్తిస్తాయి. కాబట్టి లెన్స్ ఎత్తకముందే, పక్షి రాబోయే దూరంలోనే ఉన్న చెట్టు మీదో గట్టు మీదో ఫోకస్ చేసి పెట్టుకోండి. క్రికెట్‌లో అయితే సైట్‌స్క్రీన్ మీద కాదు, క్రీజులో నిలబడిన బ్యాటర్ మీద. లెన్స్ పక్కనున్న ఫోకస్ లిమిటర్‌ను దూరపు హద్దుకు మార్చండి, అది దగ్గరి గడ్డి పరకల వెంటపడి సమయం పోగొట్టుకోదు.

తర్వాత పాదాలు. పక్షి ఇప్పుడున్న వైపు కాదు, ఫోటో తీసే క్షణానికి అది ఎక్కడ ఉంటుందో అటు పాదాలు పెట్టి, నడుము పైభాగాన్ని మాత్రం వెనక్కి తిప్పి దాన్ని అందుకోండి. అది దగ్గరయ్యేకొద్దీ మీ ఒళ్లు మెలి విప్పుకుంటూ సహజమైన స్థితికి వస్తుంది. తిరగేసి నిలబడితే సరిగ్గా ముఖ్యమైన క్షణానికే నడుము పట్టేసి లెన్స్ ఆగిపోతుంది. నిండు బిందె నెత్తిన పెట్టుకున్న మనిషి పక్కకు చూడాలంటే మెడ తిప్పదు, ఒళ్లంతా తిప్పుతుంది. లెన్స్ కూడా అలాగే తిరగాలి, మణికట్లతో కాదు.

ఇప్పుడు ఎత్తడం. చూపు పక్షి మీదనుంచి క్షణం కూడా తీయవద్దు. లెన్స్ ఎక్కడుందో, వ్యూఫైండర్ ఎక్కడుందో చూసుకోవడానికి తల దించారంటే పక్షిని వదులుకున్నట్టే. తల కదలకూడదు, లెన్సే చూపు గీతలోకి రావాలి. రెండు కళ్లూ తెరిచే ఉంచండి. ఒక కన్ను మూసుకోవడం అలవాటైనవారికి ఇది కష్టమే, అయినా ఆ అలవాటు మానాలి. కుడికన్ను ఇరుకు సందులో చూస్తుంటే, పక్షి ఎటు వంగబోతోందో చెప్పేది ఎడమకన్నే.

ఎడమ చేయి లెన్స్ మీద, ఫుట్ కన్నా కాస్త ముందు, పైనుంచి మెత్తగా అదిమి ఉంచాలి. కింద పట్టుకోనక్కర్లేదు, బరువు మోయడానికి మోనోపాడ్ ఉంది. పై చేయి అదురును అణచివేస్తుంది. మోచేతులు ఒంటికి దగ్గరగా, కనుబొమ్మ వ్యూఫైండర్ రబ్బరుకు ఆనించి.

పక్షి ఫ్రేములోకి వచ్చింది. ఇంకా నొక్కవద్దు. బొటనవేలితో ఫోకస్ మొదలుపెట్టి దానితోపాటు తిరగండి. ఫ్రేములో పక్షి కదలకుండా నిలిచి, వెనక నేపథ్యం మాత్రం పరుగెడుతున్నట్టు కనిపించాలి. మీ వేగం, దాని వేగం కలిశాయనడానికి గుర్తు అదే. అప్పుడు మూడు నాలుగు ఫోటోలు తీసి వేలు ఎత్తేయండి. ఎత్తేశాక కూడా లెన్స్ తిరుగుతూనే ఉండాలి. నొక్కగానే ఆగిపోయేవారి ఫోటోల్లో మొదటిది బాగుంటుంది, రెండోదాని నుంచి తోక మాత్రమే మిగులుతుంది.

తప్పిపోతే వ్యూఫైండర్‌లోనే అటూ ఇటూ వెతకకండి. దించండి, కళ్లతో చూడండి, మళ్లీ ఎత్తండి. వినడానికి ఆలస్యంలా ఉంటుంది కానీ ఇదే వేగమైన దారి.

ఆటల్లోనూ ఇదే పద్ధతి. ఫుట్‌బాల్‌లో బంతి వెంట పడకండి, ఒక ఆటగాడిని ఎంచుకుని అతనితోనే ఉండండి, బంతి అతని దగ్గరికి వస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని తీస్తే ఆటగాడు ఎత్తుగా, వెనక గ్యాలరీ దూరంగా కనిపిస్తాయి. చెపాక్ స్టేడియంలో పెద్ద మ్యాచ్‌కు గుర్తింపు కార్డు లేనిదే ఈ లెన్స్‌ను లోపలికి తీసుకెళ్లలేరు. కాలేజీ మైదానాల్లో జరిగే లీగ్ మ్యాచ్‌లకు వెళ్లండి, నిర్వాహకులను అడిగి గీత పక్కనే కూర్చోవచ్చు. నేర్చుకోవడానికి అవే మేలు.

పక్షులతో సాధన గద్దలతో మొదలుపెట్టండి. డాబా ఎక్కితే చాలు, అవి నెమ్మదిగా సుడులు తిరుగుతూ ఉంటాయి. తర్వాత గూడబాతులు. కాకిని చివరికి ఉంచుకోండి, అది ఎప్పుడు మలుపు తిరుగుతుందో ఊహించలేము. పక్షులు గాలికి ఎదురుగానే దిగుతాయి, ఎగరడమూ అలాగే. ఈశాన్య గాలి వీచే శీతాకాలపు ఉదయాల్లో సూర్యుణ్ణి వెనక ఉంచుకుని నిలబడితే దిగే పక్షి వెలుగు పడిన ముఖంతో మీ వైపే వస్తుంది.

శీతాకాలంలో చెన్నై తెలుగువారు సబర్బన్ రైలెక్కి సూళ్లూరుపేట దిగి పులికాట్‌కూ, దొరవారిసత్రం దగ్గరున్న నేలపట్టుకూ వెళ్తారు. అక్కడ ఎగిరే ఫోటో కోసం ఫ్లెమింగోల గుంపు మీదికి బురదలో నడిచిపోయేవారిని చూస్తే నాకు కోపం వస్తుంది. ఆకలితో మేస్తున్న పక్షిని లేపడం నేరంతో సమానం. అవి వాటంతట అవి లేస్తాయి, కూర్చుని చూడండి.

ఎండ, చెమ్మ

ఎండెక్కాక దూరపు ఫోటోలు తీయకండి. నేల వేడెక్కి గాలి కంపిస్తుంటే ఏ లెన్స్ అయినా మసకగానే తీస్తుంది, నీళ్ల మీదా బురద నేల మీదా మరీ ఎక్కువ. లెన్స్‌కూ కెమెరాకూ మధ్య బిగించి దూరాన్ని ఇంకా దగ్గర చేసే కన్వర్టర్ పెడితే ఆ కంపనం ఇంకా పెద్దగా కనిపిస్తుంది. కన్వర్టర్ కావాలంటే 1.4 రెట్లది చాలు, 560 ఎంఎం ఎఫ్4 అవుతుంది. 2 రెట్లది కొనవద్దు.

ఏసీ కారులోంచి చెన్నై గాలిలోకి తీయగానే చల్లటి గాజు మీద నీటి పొర కమ్ముతుంది. ఇంత పెద్ద గాజు వేడెక్కడానికి అరగంట పైనే పట్టవచ్చు. తుడిచినా మళ్లీ పడుతుంది. కారులో ఏసీ ముందే ఆపేసి, లెన్స్‌ను మూసిన సంచిలోనే ఉంచండి. బీచ్ నుంచి వచ్చాక ఉప్పు తుంపరను తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో ఒకసారి అద్ది, పూర్తిగా ఆరాకే తేమను అదుపులో ఉంచే పెట్టెలో పెట్టండి. పెట్టెలో తేమ 40-50 శాతం మధ్య ఉండాలి. లెన్స్‌తో వచ్చిన పెట్టెలో నెలల తరబడి మూసి ఉంచితే గాజు మీద బూజు పడుతుంది.